కార్డు పోలేదు, పేజింగ్ ఫైల్ ఆపేశాడు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ టెక్నాలజీ పేజీలో ఒకరికి జవాబిస్తూ, కంప్యూటర్‌లో ఆట ఆడుతుంటే 'ఔట్ ఆఫ్ వీడియో మెమరీ' అని వచ్చి ఆగిపోతే ఎక్కువ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు కొనడమే దారి అని రాశారు. అది సగమే నిజమండీ. ఆ సగం నిజానికే మా అక్క దాదాపు ముప్పై వేలు వదిలించుకోబోయింది.

మా మేనల్లుడిది 6 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్. ఆట మొదలైన పది నిమిషాలకి ఆ మెసేజ్ వచ్చి డెస్క్‌టాప్ మీద పడేది. షాపులో ఒక్కసారి ఆన్ చేసి చూసి, కార్డు సరిపోవట్లేదు, మార్చాల్సిందే అన్నారట. అక్క ఫోన్ చేసి "ఏరా, నిజంగా అంత అవుతుందా?" అని అడిగింది కాబట్టి సరిపోయింది. ఆదివారం వెళ్లి, ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూశాను. గ్రాఫిక్స్ మెమరీ 6లో 4 దాకానే వాడుతోంది. పక్కనే మెమరీ పేజీలో 'కమిటెడ్' అని ఒక అంకె ఉంటుంది, ప్రోగ్రాములకి ఇస్తానని విండోస్ మాటిచ్చిన మెమరీ లెక్క అది. హద్దు 15.8 జీబీ అయితే 15.5 దగ్గర ఊగుతోంది. దొంగ అక్కడ దొరికాడు.

"ఒరేయ్, పేజింగ్ ఫైల్ ఏమైనా కదిపావా?" అంటే, "అది ఉంటే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని వీడియోలో చెప్పారు మామయ్యా, తీసేశాను" అన్నాడు.

ర్యామ్ నిండితే విండోస్ కొంత సరుకుని డిస్కు మీదకి దింపుకునే చోటే పేజింగ్ ఫైల్. ఆట కార్డు మీద అడిగే మెమరీకి కూడా విండోస్ తన ఖాతాలో పూచీ పడాలి, ర్యామూ పేజింగ్ ఫైలూ కలిపితే ఎంతో అంతే ఆ పూచీకి హద్దు, అది దాటిందంటే కార్డులో జాగా ఉన్నా ఆట కూలుతుంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద, వర్చువల్ మెమరీ దగ్గర, సైజు విండోస్‌నే చూసుకోమని టిక్ పెట్టి, సి డ్రైవ్‌లో నలభై జీబీ ఖాళీ చేసి రీస్టార్ట్ చేశాం. అంతే. ఆ రాత్రి రెండు దాకా ఆడాడని మళ్లీ అక్కే తిట్టింది, వాణ్ని కాదు, నన్ను.

కార్డు నిజంగానే నిండేవాళ్లూ ఉంటారు, 4 జీబీ కార్డు పెట్టుకుని కొత్త ఆటలు ఆడేవాళ్లు ముఖ్యంగా. వాళ్లైనా ముందు టెక్స్చర్స్ (ఆటలో గోడలు, బట్టల మీద కనిపించే బొమ్మల నాణ్యత) ఒకటి రెండు మెట్లు దించి చూడాలి. మెమరీ ఎక్కువగా తినేవాటిలో అదొకటి, మామూలు 1080 మానిటర్ మీద అల్ట్రాకీ హైకీ తేడా కనిపెట్టడం కష్టం. వెనకాల ఇరవై ట్యాబులతో క్రోమ్ నడుస్తుంటే అదీ కార్డు మెమరీలో వాటా తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ అయితే ఆట అసలు కార్డు మీద నడుస్తోందా, ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందా చూసుకోండి. రిజిస్ట్రీలో ఒక అంకె మారిస్తే మెమరీ పెరుగుతుందని చెప్పే వీడియోలు మాత్రం నమ్మొద్దు, చూపించే అంకె మారుతుంది తప్ప కార్డుకి సోల్డర్ చేసిన చిప్పులు పిల్లలు పెట్టవు.

మీ జవాబులో నాకు బాగా లోటనిపించింది ఇంకోటి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ఐ9, ఐ7 రకాల్లో మరీ ఎక్కువగా, ఇదే మెసేజ్ వచ్చింది. 24 జీబీ కార్డున్నవాళ్లకీ వచ్చింది. ఆట మొదట్లో షేడర్లు (వెలుగునీడలూ రంగులూ ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారు చేసేటప్పుడు ప్రాసెసర్ మీద విపరీతమైన భారం పడుతుంది, అక్కడ అది లెక్క తప్పితే ఆ నింద మెమరీ మీదకి పోతుంది. 2024 ఏప్రిల్‌లో గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్విడియానే, ఇలాంటి ఎర్రర్ వస్తే ఇంటెల్‌ని అడగమంది. ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతోందని ఇంటెల్ జులైలో ఒప్పుకుని, ఆగస్టు నుంచి బయోస్ (కంప్యూటర్ ఆన్ అవగానే ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ల ద్వారా దిద్దుబాటు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. కాకపోతే అప్పటికే దెబ్బతిన్న చిప్పు అప్‌డేట్‌తో బాగుపడదు, మార్పించుకోవాల్సిందే. అలాంటి ప్రాసెసర్ ఉన్నవాడు మీ జవాబు చదివి కొత్త కార్డు కొంటే, కొత్త కార్డు మీద కూడా అదే మెసేజ్ చూస్తూ కూర్చుంటాడు. వారంటీ కోసం ప్రాసెసర్ బిల్లు ఎక్కడుందో వెతుక్కోమని కనీసం వాళ్లకోసమైనా ఒక ముక్క వేయండి.

ఈ ఉత్తరం అచ్చయితే కత్తిరించి ఆ షాపాయనకి చూపిస్తానంటోంది మా అక్క.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు