మంత్రిగారూ, మీరు ప్లగ్గు పెట్టిన బోర్డుకు కరెంటు లేదు

గౌరవనీయులైన మంత్రిగారికి,

విజయవాడలో మీరు ప్రారంభించిన బ్యాటరీ సైకిళ్ల యాత్రలో గైడుగా పనిచేస్తున్న విద్యాధరపురం వాసి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇది మీకు నేను రాస్తున్న అయిదో ఉత్తరం. మొదటి నాలుగింటినీ కవర్లలో పెట్టి, స్టాంపులు అంటించి, మర్యాదగా పంపాను. జవాబు రాలేదు. కవరు చింపడానికి మీకు తీరిక దొరకలేదేమో అనుకుని ఈసారి కవరు లేకుండానే పంపుతున్నాను. దారిన పోయేవాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

పోయిన దసరాకు పది రోజుల ముందు కృష్ణ ఒడ్డున మా షెడ్డు దగ్గర మీరు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, చార్జరు ప్లగ్గును మీ చేత్తోనే గోడకున్న బోర్డులో పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. చప్పట్లు కొట్టాం. ఫొటో సరిగా రాలేదని ఎవరో అంటే మీరు విసుక్కోకుండా ప్లగ్గు తీసి మళ్లీ పెట్టారు. ఆ రోజు ఆ బోర్డులోకి వచ్చిన కరెంటు మైకుసెట్టు వాళ్ల జనరేటరుది. సాయంత్రం నాలుగింటికి వాళ్లు జనరేటరును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయారు. కరెంటూ ఆ ఆటోలోనే వెళ్లిపోయింది. ఉగాది దాటింది, ఇంతవరకు తిరిగి రాలేదు.

బోర్డు మాత్రం భద్రంగా ఉంది. ఆరు ప్లగ్గులు పట్టే మంచి బోర్డు. ఆ రోజు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు ఇంకా దాని మీద ఉన్నాయి. వెనక తీగ లేదు. మొన్న సందులోంచి చూస్తే బల్లి గుడ్లు పెట్టి ఉంది.

"వారంలో మీటరు వస్తుంది" అని వేదిక మీద మీరే అన్నారు. ఏ వారమో చెప్పలేదు. అడగకపోవడం నా పొరపాటే.

మీటరు ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నేను తిరిగిన తిరుగుడు అంతా రాస్తే ఈ ఉత్తరం మీరే కాదు, నేను కూడా చదవలేను. టూకీగా చెబుతాను. షెడ్డు ఉన్న స్థలం ఒక శాఖది. షెడ్డు కట్టించింది ఇంకొకరు. సైకిళ్లు మీవి. కొత్త కనెక్షను కావాలంటే దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలి? స్థలం వాళ్లు "షెడ్డు మాది కాదు" అంటారు. షెడ్డు వాళ్లు "స్థలం వాళ్ల నిరభ్యంతర పత్రం తెండి" అంటారు. మీ కార్యాలయంలో "ఫైలు పైకి వెళ్లింది" అంటారు. ఎంత పైకి వెళ్లిందో తెలియదు. ఇంద్రకీలాద్రి దాటి వెళ్లి ఉంటే అమ్మవారినైనా అడిగి చూసేదాన్ని.

సైకిళ్ల గురించి శిక్షణలో మాకు నేర్పిన మొదటి పాఠం గుర్తొస్తుంది. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని సైకిలుకు రిజిస్ట్రేషను అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా ఎక్కవచ్చు. తొక్కుతుంటే మోటారు సాయం పడుతుంది, వేగం హద్దు దాటితే తనంతట తాను ఊరుకుంటుంది. నేను రోజూ యాత్రికులకు ఇది గొప్పగా చెబుతాను. ఏ అనుమతీ అక్కర్లేని బండికి ప్లగ్గు పెట్టుకోవడానికి మాత్రం మూడు శాఖల అనుమతి కావాలన్న సంగతి చెప్పను. మన ఇంటి గుట్టు కదా.

మరి ఇన్నాళ్లూ సైకిళ్లు ఎలా నడుస్తున్నాయని మీరు అడగలేదు. అయినా చెబుతాను.

మా ఇంట్లో చార్జింగు పెడుతున్నాను.

మా ఇల్లు కొండ మీద. రోడ్డు నుంచి అరవై రెండు మెట్లు. సాయంత్రం షెడ్డు దగ్గర ఒక్కొక్క సైకిలుకూ తాళం తిప్పి బ్యాటరీ ఊడదీస్తాను. ఒక్కోటి మూడు కిలోల పైన ఉంటుంది. ఏడింటినీ రెండు గోనెసంచుల్లో సర్దితే మా ఆయన తన ఆటోలో వేసుకుని కొండ కింద దింపుతారు. గ్యాసు ఆటో ఎక్కి రోజూ షికారు చేసే కరెంటు బ్యాటరీలు మన రాష్ట్రంలో ఇవే అయి ఉంటాయి. అక్కడి నుంచి మెట్లెక్కడం. ఆయన ఒక సంచి, నేను ఒక సంచి. నలభయ్యో మెట్టు దగ్గర పక్కింటి పిన్నిగారి అరుగు ఉంది, అక్కడ దించుకుని ఊపిరి తీసుకుంటాం. ఆవిడ రోజూ ఒకటే ప్రశ్న: "మీటరు వచ్చిందా అమ్మాయ్?"

చార్జర్లు నాలుగే ఇచ్చారు. బ్యాటరీలు ఏడు. అందుకని రాత్రి తొమ్మిదింటికి నాలుగు పెట్టి, ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుని లేచి, పచ్చ దీపం వచ్చినవి తీసి మిగిలిన మూడూ పెడతాను. వసారాలో మా అత్తయ్య మంచం. చార్జింగులో ఉన్న బ్యాటరీలు పేలుతాయని ఆవిడ టీవీలో చూశారు. మొదటి వారం మంచాన్ని గుమ్మం దాకా జరుపుకున్నారు. ఇప్పుడు అలవాటైపోయి, నేను లేవకపోతే ఆవిడే పిలుస్తున్నారు: "నీ దీపాలు పచ్చబడ్డాయి, లే."

పోయిన నెల కరెంటు మనిషి రీడింగుకు వచ్చి వసారాలోకి తొంగిచూశాడు. "అక్కా, ఇది ఇంటి మీటరు. దీని మీద వ్యాపారం చేస్తున్నారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే జరిమానా పడుతుంది" అన్నాడు. "వ్యాపారం కాదు తమ్ముడూ, ఇవి ప్రభుత్వం సైకిళ్లు" అన్నాను. "ప్రభుత్వానికి మీటరు లేదా అక్కా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర ఉండవచ్చు.

ఏడు బ్యాటరీలూ కలిపి రాత్రికి మూడు యూనిట్లకు మించి తాగవు. మీ గదిలో ఏసీ ఓ రెండు గంటలు తిరిగితే అయిపోయేంత కరెంటు. అదైనా నా ఇంట్లో నెలయ్యేసరికి కొండంత అవుతోంది. నూటయాభై యూనిట్లు దాటని ఇల్లు ఇప్పుడు రెండు వందల ముప్పై దగ్గర తేలుతోంది. స్లాబు మారింది, పైన చేరిన యూనిట్లకు రేటు ఎక్కువ.

ఉన్న పన్నెండు సైకిళ్లలో ఏడే ఎందుకు నడుస్తున్నాయో కూడా చెప్పాలి. మొదటి రెండు నెలలు "ఇదిగో మీటరు, అదిగో మీటరు" అంటూ ఉంటే నమ్మి అయిదు బ్యాటరీలను షెడ్డులోనే ఉంచేశాం. పూర్తిగా ఖాళీ అయిన లిథియం బ్యాటరీని నెలల తరబడి అలా వదిలేస్తే అది మళ్లీ లేవదు. దానికి తోడు రేకుల షెడ్డు. మన బెజవాడ ఎండ సంగతి మీకు తెలుసు. కారు అద్దంలోంచి చూసినా తెలుస్తుంది.

ఇక బ్యారేజీ మీద జరిగిన అవమానం. ఇది రాయకూడదనే అనుకున్నాను.

ఉదయం యాత్ర మీకు తెలిసిందే, ఘాటు నుంచి కొండ కిందుగా వెళ్లి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలు. నేను బ్యారేజీ మొదట్లో అందరినీ ఆపి ఒక మాట చెబుతాను: 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట లేచింది, కృష్ణా డెల్టాకు అన్నం పెట్టింది అదే, ఇప్పుడు మనం తొక్కబోయే బ్యారేజీ 1957లో వచ్చింది, పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. లెక్కపెట్టుకుంటూ రండి, తప్పు లేకుండా చెప్పినవాళ్లకు అవతలి ఒడ్డున చెరకురసం నా ఖర్చు. పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా వేళ్లు మడిచి లెక్కపెడతారు. పొద్దున్నే ఆ గాలిలో, ఒకవైపు నిండుగా నీళ్లు, ఇంకోవైపు ఇసుక మేటలు, సైకిలు చప్పుడు చేయకుండా జారిపోతుంటే ఊళ్లో పుట్టి పెరిగిన నాకే కొత్తగా ఉంటుంది. ఇది మంచి పథకం మంత్రిగారూ. మంచిది కాకపోతే నేను అయిదు ఉత్తరాలు రాసేదాన్ని కాదు.

ఆ రోజు ఏడుగురు వచ్చారు. అందులో రాజమండ్రి నుంచి వచ్చిన రిటైర్డు టీచరుగారు ఒకరు. నా సైకిలు వాళ్లలో ఒకరికిచ్చి, నేను మా చెల్లెలి మామూలు సైకిలు మీద వాళ్ల ముందు తొక్కుతున్నాను. ముందు రాత్రి ఒంటిగంటన్నరకు నేను బ్యాటరీలు మార్చిన పావుగంటకే కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. మూడు బ్యాటరీలు సగమే నిండాయి. వెళ్లేటప్పుడు లాగాయి. ఉండవల్లిలో అంతా హాయిగా గడిచింది. ఒక్క కొండను నాలుగంతస్తులుగా తొలిచిన పనితనం, లోపల పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి, ఎవరికీ కదలబుద్ధి కాలేదు. తిరిగి వస్తుంటే సరిగ్గా బ్యారేజీ నడిమధ్య టీచరుగారి సైకిలు ఆగింది. మరో పది గేట్లు దాటేసరికి ఇంకో రెండు.

బ్యాటరీ అయిపోతే మామూలు సైకిలులా తొక్కుకోవచ్చు కదా అని మీ కార్యాలయంలో ఒకాయన అన్నారు. ఆయన ఒకసారి వచ్చి తొక్కాలని నా కోరిక. పాతిక కిలోల బరువు, ఎదురుగాలి, తొమ్మిది గంటల ఎండ, వెనక మోటారు సైకిళ్ల హారన్లు. ఇనప బీరువాకు చక్రాలు తగిలించి తొక్కినట్టు ఉంటుంది. అరవై అయిదేళ్ల ఆవిడ దిగి తోసుకుంటూ నడిచారు. నేను తొక్కుతున్న మామూలు సైకిలు ఇస్తానన్నా తీసుకోలేదు. నన్ను నొప్పించకూడదని దారంతా నవ్విస్తూనే ఉన్నారు. "అమ్మాయీ, మా ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే అయిపోయింది, మీది ఆ తరవాత మూడేళ్లకు. కాటన్ దొర మా ఊరికే ముందు వచ్చాడు. మీకు అన్నీ కాస్త ఆలస్యమే" అన్నారు. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లు గాలికి వచ్చాయనుకున్నారు.

వెళ్లేముందు అభిప్రాయాల పుస్తకంలో ఆవిడ ఇలా రాశారు: "గైడు మాటలు బాగున్నాయి. సైకిలు మాత్రం బ్యారేజీ మీద నిద్రపోయింది. లేపవలసినవారు లేపాలి." ఆ పేజీ జిరాక్సు తీసి నా మూడో ఉత్తరానికి జతచేశాను.

సాయంత్రం యాత్ర సంక్రాంతి నుంచి మానేశాం. పగలు చార్జింగు పెట్టే చోటు లేదు, పొద్దున ఉండవల్లి వెళ్లి వచ్చిన బ్యాటరీ సాయంత్రానికి ఎక్కడి నుంచి వస్తుంది? కాళేశ్వరరావు మార్కెట్టు, గాంధీ కొండ, లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణాలు, ఇవన్నీ పోయాయి. గాంధీ కొండ మీది స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారని, 1921లో ఈ ఊరికి వచ్చిన గాంధీజీకే పింగళి వెంకయ్యగారు జెండా నమూనా అందించారని నేను కంఠతా పట్టింది ఇప్పుడు మా అత్తయ్యకు చెబుతున్నాను. ఆవిడ ఊ కొడుతున్నారు. పాత పుస్తకాల ఆయన మాత్రం, కనిపించినప్పుడల్లా మీ సైకిళ్ల వాళ్లేరమ్మా అంటున్నాడు.

నాలుగు సోమవారాలు అర్జీ పెట్టాను. నాలుగుసార్లూ వారం తిరగకుండా ఫోనుకు సందేశం వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. మొదటిసారి నిజమేనని నమ్మి, చార్జర్లు సంచిలో వేసుకుని షెడ్డుకు పరుగెత్తాను. బోర్డులో ప్లగ్గు పెట్టి చూశాను. బల్లి బయటికి వచ్చింది.

మా గౌరవ వేతనం ఊసు ఈ ఉత్తరంలో ఎత్తను. యాత్రకు మూడు వందల యాభై చొప్పున సంక్రాంతి నుంచి రావాలి. ఎత్తనన్నాను కదా, ఇక్కడితో ఆపుతాను.

2028లో కృష్ణా పుష్కరాలు. అప్పటికి వంద సైకిళ్లు పెడతామని మీరు అన్నట్టు పేపర్లో చదివాను. వంద బ్యాటరీలంటే మా వసారా చాలదు. పిన్నిగారి అరుగు కూడా అడిగి చూశాను, ఆవిడ ఆలోచించి చెబుతానన్నారు. వంద వద్దు మంత్రిగారూ, ఒక్క మీటరు ఇప్పించండి. మూడు శాఖల వాళ్లనూ ఒకే గదిలో ఒక పూట కూర్చోబెట్టి, ఎవరి పేరున ఇస్తారో తేల్చండి. ఎవరి పేరూ కుదరకపోతే నా పేరున ఇవ్వండి, ఎలాగూ బిల్లు నేనే కడుతున్నాను. మీటరు ఇప్పించండి.

రేపు ఉదయం ఏడుగురు వస్తామని ఫోను చేశారు, నెల్లూరు వాళ్లు. ఇప్పుడు రాత్రి ఒంటిగంట ఇరవై. ఇంకో పది నిమిషాల్లో బ్యాటరీలు మార్చాలి, ఇక ఉంటాను.

ఇట్లు,
విధేయురాలైన గైడు,
విద్యాధరపురం, విజయవాడ.

తా.క.: మా ఇంటి కరెంటు బిల్లు జిరాక్సు జతచేశాను. అసలుది పంపలేను, ఎల్లుండే కట్టడానికి చివరి రోజు.