నలభై మీటర్ల వైరుకు విలువ కట్టేదెలా? హోం మంత్రి గారికి ఒక చీనీ రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి వంగలపూడి అనిత గారికి,

అనంతపురం జిల్లా నుంచి ఒక చీనీ (బత్తాయి) రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అమ్మా, మార్చి రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే తోటకు పోయి స్టార్టరు బటన్ నొక్కితే మోటారు పలకలేదు. ఫ్యూజు పోయిందేమో అనుకున్నాను. పెట్టె చుట్టూ తిరిగి చూస్తే కింద వైరే లేదు. అక్కడి నుంచి బోరు దాకా జానెడు లోతున పూడ్చిన కేబులును పీక్కుపోయారు. అది పోయిన దారి పొడుగునా మట్టి లేచి ఉంది, ఎవరో నాగలి పట్టినట్టు. బోరు మూతి దగ్గర మూరెడు ముక్క మిగిలింది. పక్కనున్న వంకలోకి దిగి చూస్తే రాళ్ల మధ్య నల్లటి బూడిద, కాలిన ప్లాస్టిక్ కంపు. రాగి తీసుకోవడానికి అక్కడే తగలబెట్టుకున్నారు.

పోయింది నలభై మీటర్ల వైరు. కాలిస్తే నాలుగు కిలోల రాగి వస్తుందేమో.

స్టేషనుకు పోయాను. అక్కడున్న కానిస్టేబుల్ చెడ్డవాడు కాడు. కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు. "ఎంత పోయిందన్నా?" అని అడిగాడు. నలభై మీటర్లన్నాను. "అది కాదన్నా, రూపాయల్లో చెప్పు." కేబులు బిల్లు జేబులోనే ఉంది, నాలుగు వేల ఆరు వందలు. ఆ అంకె చూడగానే రాయడం ఆపేశాడు. "ఐదు వేల లోపే కదా. దీనికి కేసు కట్టేదేముంటుంది? అర్జీ ఇచ్చిపో. మావాళ్లు వచ్చి చూసేదాకా అక్కడేమీ కదిలించొద్దు" అన్నాడు. మూడు రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. అప్పుచేసి కొత్త వైరు వేసుకున్నాను. తొమ్మిదో రోజు రాత్రి అదీ పోయింది. కొత్త వైరు పడిందని దొంగకు తెలిసిపోయింది, స్టేషనుకు మాత్రం తెలియలేదు.

రెండు దఫాలూ కలిపి నా తోటకు పది రోజులు నీళ్లు లేవు. మార్చిలో చీనీ తోటకు పది రోజులు నీళ్లు లేకపోతే ఏమవుతుందో మీకు చెప్పాలి. ఆ సంగతి ఏ అర్జీలోనూ రాయించుకోలేదు.

చలికాలంలో నీళ్లు కట్టకుండా తోటను బెట్టకు వదులుతాం. ఆకు వాడి, కొంత రాలి, చెట్టు దప్పికతో ఉన్నప్పుడు మళ్లీ నీళ్లు కడితే పూత విరగబూస్తుంది. మార్చి వచ్చేసరికి పిందె గోళీకాయంత ఉంటుంది. అప్పుడు మళ్లీ బెట్ట తగిలితే చెట్టు తనను తాను కాపాడుకోవడానికి పిందెను వదిలేస్తుంది. పొద్దున చెట్టు కింద చూస్తే పచ్చగా పరిచినట్టుంటుంది. నాకు మూడెకరాల్లో 320 చెట్లు, తొమ్మిదేళ్లవి. బోరు ఏడు వందల అడుగులు, అది నేను వేసిన ఐదో బోరు. ముందు వేసిన నాలుగూ ఎండిపోయాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన. ఈ నేలలో తోట బతకడమంటే ఆ బోరులో నీళ్లుండటం, ఆ నీళ్లు పైకి రావడం. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఆ వైరే.

ఈ ఏడాది నా కాపులో సగం నేల మీద పోయింది. స్టేషను లెక్కలో మాత్రం నా నష్టం నాలుగు వేల ఆరు వందలు.

మా అన్న కొడుకు లా చదివాడు. ఇంటికొచ్చినప్పుడు వాడి ముందు ఈ గోడు వెళ్లబోసుకున్నాను. వాడు చెప్పింది విన్నాకే మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో ఒకటైన భారతీయ న్యాయ సంహితలో, పోయిన సొత్తు విలువ ఐదు వేల లోపు ఉంటే, దొంగకు మొదటిసారి శిక్ష పడుతుంటే, ఆ సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టవచ్చట. అలాంటి చిన్న దొంగతనాన్ని పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయాల్సిన నేరాల్లోంచి కూడా తీసేశారట. మెజిస్ట్రేటు చెబితేనే దర్యాప్తు. ఆకలికి బ్రెడ్డు ముక్క ఎత్తుకున్నవాణ్ణి జైల్లో వేయకూడదన్నది ఆ నియమం వెనకున్న ఉద్దేశమైతే నాకు అభ్యంతరం లేదు. ఒకసారి తప్పు చేసినవాడికి దారి మూసేయాలని నేను కోరను. నా మాటల్లా, పల్లెలో మోటారు వైరు దొంగతనాలు ఎన్నో ఆ ఐదు వేల గీత కిందికే వస్తాయి. రెండు ముక్కలు పోయినా, పది మంది రైతులవి పోయినా, ఎవరిది వారిది విడిగా లెక్కేస్తే అంతా ఐదు వేల లోపే. దొంగకు అంతకంటే మంచి చట్టం ఎక్కడ దొరుకుతుంది?

కానీ అదే భారతీయ న్యాయ సంహితలో 326వ సెక్షన్ కూడా ఉంది. వ్యవసాయానికి అందే నీళ్లు తగ్గేలా చేసే పని, తగ్గుతాయని తెలిసి చేసే పని నేరమని, దానికి ఐదేళ్ల దాకా శిక్ష వేయవచ్చని అందులో రాసి ఉంది. అది ఇవాళ కొత్తగా చేర్చింది కాదు, 1860 నాటి శిక్షాస్మృతిలోనే 430వ సెక్షన్‌గా ఉండేది. కాలువకు గండి కొట్టేవాణ్ణి, చెరువు తూము పాడుచేసేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని అప్పటివాళ్లు రాసి ఉంటారు. మా ఊళ్లో ఇప్పుడు కాలువ లేదు, చెరువు నిండి ఏళ్లయింది. మా కాలువ ఆ నలభై మీటర్ల వైరే. దాన్ని కోసేవాడికి నీళ్లు ఆగిపోతాయని తెలియదని ఎవరైనా అనగలరా? ఆ నేరం కింద పోలీసులు సొంతంగా కేసు కట్టవచ్చు. ఒకే సంఘటనలో అలాంటి నేరం ఒక్కటి ఉన్నా మొత్తం కేసును అలాగే దర్యాప్తు చేయాలని చట్టమే చెబుతోంది. అంటే ఆ రోజు నాకు "కేసు కట్టేదేముంటుంది" అని చెప్పాల్సిన అవసరం లేదు. ఆ కానిస్టేబుల్‌కు ఈ సెక్షన్ గురించి ఎవరూ చెప్పలేదు, అంతే.

మీరు చెప్పండి. రాష్ట్రంలోని అన్ని స్టేషన్లకూ ఒక సర్క్యులర్ పంపండి. బోరు, మోటారు, కేబులు, స్టార్టరు, డ్రిప్పు పైపులు పోతే వట్టి దొంగతనమని రాయకుండా, నీళ్లు ఆగిన సంగతి కూడా ఎఫ్ఐఆర్‌లో రాయమనండి. సొత్తు విలువ రాసేటప్పుడు పాత సామాన్లు కొనే గుజిరీలో రాగికి వచ్చే ధర కాకుండా, మళ్లీ ఆ మోటారు తిరగడానికి రైతుకయ్యే ఖర్చు రాయమనండి. స్టార్టరులో విరిగినవి, మెకానిక్ కూలి, తవ్వి పూడ్చే కూలి అన్నీ కలిపి. ఆ కాగితం ఒక కాపీ రైతు చేతికి ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉందట. నా చేతికి ఏ కాగితమూ రాలేదు. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పాలని కూడా ఉందట. ఫోనులో ఒక్క మెసేజు చాలు. దొరకలేదని చెప్పినా చాలు, మమ్మల్ని మర్చిపోలేదని తెలుస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి ఇంకో రకం. మా పొలాల్లో రెండు మూడు బోర్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. రాత్రి వచ్చి దిమ్మె మీది నుంచి కింద పడేసి, ఆయిలు పారబోసి, లోపలి రాగి చుట్టలు తీసుకుపోతారు. వట్టి డొక్కు మిగులుతుంది. పొద్దున్నే చూస్తే ఆయిలుకు తడిసి మట్టి నల్లగా మెరుస్తుంటుంది. 2003 విద్యుత్ చట్టంలో దీనికి 136వ సెక్షన్ ఉంది. బెయిలు రాని నేరం, మూడేళ్ల దాకా శిక్ష. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా. కాబట్టి చట్టం లేదని కాదు మా బాధ. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వడానికి కరెంటు వాళ్లు ఎఫ్ఐఆర్ కావాలంటారు, ఎఫ్ఐఆర్ కట్టడానికి స్టేషనులో కరెంటు వాళ్ల చేత రాయించుకురా అంటారు. ఆ రెండు ఆఫీసుల మధ్య తిరిగేది రైతే. అన్ని రోజులూ ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మూడు తోటలూ ఎండుతుంటాయి.

ఊరి సచివాలయంలోనే మహిళా పోలీసు ఉన్నారు, లైను చూసే ఎనర్జీ అసిస్టెంటు ఉన్నారు, తోటలు చూసే ఉద్యాన సహాయకులు ఉన్నారు. వాళ్లు ముగ్గురూ అదే రోజు పొలానికి వచ్చి, ఫొటో తీసి, ఏం పోయిందో, నీళ్లు ఎన్ని చెట్లకు ఆగాయో ఒకే కాగితంలో రాసి సంతకాలు పెడితే సరిపోతుంది కదా. ఆ కాగితాన్ని స్టేషనూ, కరెంటు ఆఫీసూ ఒప్పుకోవాలని మీరూ విద్యుత్ శాఖ మంత్రి గారూ కలిసి ఒక మాట అనుకోవాలి. దీనికి కొత్త ఉద్యోగాలేమీ అక్కర్లేదు.

మీ దృష్టికి ఇంకో మాట. ఒకప్పుడు మాకు రాత్రి కరెంటు ఇచ్చేవారు. పాములకూ చలికీ భయపడుతూ పొలంలోనే పడుకునేవాళ్లం. ఆ తిప్పలు చూసే పగటిపూట తొమ్మిది గంటల కరెంటు వచ్చింది. అది మా ప్రాణాలు కాపాడింది, ఆ మేలు మరవం. కానీ అప్పటి నుంచి రాత్రి పొలంలో మనిషి లేడు. రాత్రి మోటార్ల లైనులో కరెంటు ఉండదని, కత్తెర వేసినా షాకు కొట్టదని దొంగకు తెలుసు. అందుకని బీటు పోలీసులు రాత్రిపూట ఊరి బజారులో కాకుండా డొంకల్లో, వంకల వెంబడి ఒక్కసారి తిరిగినా చాలు. ఎక్కడ ఎక్కువ పోతున్నాయో లైన్‌మన్‌ను అడిగితే చెబుతాడు.

దొంగను పట్టుకోవడం కంటే కొనేవాణ్ణి పట్టుకోవడం తేలిక. కాల్చిన రాగి ఇంట్లో పెట్టుకుని తినలేరు. ఎక్కడో ఒక గుజిరీ అంగట్లో తూకం వేయాల్సిందే. మోటారు రివైండింగ్ షాపుల్లోనూ పాత చుట్టలు కాలుస్తారు, నిజమే, కాలిన రాగి అంతా దొంగ సొత్తు కాదు. అందుకే అమ్మినవాడి పేరు, ఆధార్ నంబరు, తూకం, తేదీ రాసిన పుస్తకం ప్రతి గుజిరీ అంగట్లోనూ ఉండాలని, నెలకోసారి ఎస్ఐ దాన్ని చూడాలని అడుగుతున్నాను. దొంగ సొత్తని తెలిసి కొనడం కూడా నేరమే. న్యాయ సంహితలో 317వ సెక్షన్ ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ సొత్తు కొంటే విద్యుత్ చట్టంలో 137 ఉంది. ఆ రెండూ కాగితం మీదే ఉంటున్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను అడిగేది చూసి రేపు ఎవరో ఎస్ఐ, గోతం భుజాన వేసుకుని పాత ఇనుము ఏరుకునే సంచార కుటుంబాల వాళ్లను తెచ్చి స్టేషనులో కూర్చోబెడితే అది నాకు ఇష్టం లేదు. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అనే చట్టాన్ని ఈ దేశం 1952లోనే తీసేసింది. ఆ అలవాటు మాత్రం కొన్నిచోట్ల ఇంకా పోలేదు. మా దగ్గర దొంగతనం చేసేవాడికి ఏ బోరుకు ఏ వైరు ఉందో, స్టార్టరు పెట్టె ఎలా విప్పాలో తెలుసు. వాడు మోటార్ల పని తెలిసినవాడు. ఎక్కువసార్లు బండి మీద వస్తాడు.

మా జిల్లాలో మరో నేరం ఉంది. పగ పెట్టుకుని రాత్రికి రాత్రి చీనీ చెట్లు నరకడం. గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, ఎన్నికల కోపం, కారణం ఏదైనా కావచ్చు. మనిషిని కొడితే కేసు పెద్దదవుతుందని చెట్టును కొడతారు. నాలుగైదేళ్లు సాకితే గాని కాపు పట్టని చెట్టు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇల్లు నడిపే చెట్టు, పొద్దున చూస్తే మొదలు దగ్గర తెల్లటి గాయంతో పడి ఉంటుంది. అలాంటి తోటలో నిలబడి ఏడుస్తున్న ఆడవాళ్లను చూశాను. చుట్టూ చావు జరిగిన ఇంటిలాగే ఉంటుంది. ఆస్తికి నష్టం చేసే నేరంలో నష్టం లక్ష దాటితే ఐదేళ్ల దాకా శిక్ష ఉంది, 20 వేల నుంచి లక్ష లోపైతే రెండేళ్లే. ఇక్కడా ప్రశ్న అదే. ఆ చెట్టుకు విలువ కట్టేది ఎవరు? కట్టెల కింద కడతారా, కాపు మీద కడతారా? పంచనామాలో ఉద్యాన శాఖ అధికారి చేత, చెట్టు వయసు, ఇంకా కాయాల్సిన కాపు చూసి విలువ కట్టించాలని ఆదేశించండి.

నాలుగు రోజుల కిందట మా పక్క తోట రైతు నా దగ్గరకు వచ్చాడు. వాడికి కేబులు మూడుసార్లు పోయింది. "మామా, బోరు చుట్టూ తీగ కట్టి రాత్రికి కరెంటు పెడతాను. ఇంట్లోంచి లైను లాగుతాను" అన్నాడు. అడవిపందుల కోసం కట్టిన తీగలకు తగిలి మనుషులు పోయిన ఊళ్లు మా చుట్టూ ఉన్నాయి. పొద్దున్నే పాలకు పోయే పిల్లవాడు తగిలితే ఏం చేస్తావురా అని అడిగాను. తల వంచుకున్నాడు. "మరి నువ్వు పోలీసుల దగ్గరకు పోయి ఏం తెచ్చుకున్నావు మామా?" అన్నాడు. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఒక్క ఎఫ్ఐఆర్ కాగితం ఉండి ఉంటే చూపించేవాణ్ణి. తీగ కట్టనని అప్పటికి మాటిచ్చి వెళ్లాడు. ఎన్నాళ్లు నిలబడతాడో తెలియదు.

సోమవారం అనంతపురంలో ఎస్పీ గారి ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. నేనూ మా పక్క తోట రైతూ, ఇంకో ఐదుగురం కలిసి పోతున్నాం. రెండు వంకల్లో దొరికిన కాలిన ప్లాస్టిక్, బిల్లులు, రాలిన పిందె ఒక సంచెడు తీసుకుపోతున్నాం. మీ సర్క్యులర్ ఆ లోపే వస్తే, ఆ సంచిని కూడా నష్టం కింద లెక్కేయమని అక్కడ అడగగలుగుతాం.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
అనంతపురం జిల్లా