ఫైర్‌బాల్ శనివారం వస్తోంది, కానీ మునుపటిలా ఆడదు

మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. మూలన ఉండే ఫైర్‌బాల్ అనే పిన్‌బాల్ మెషీన్ ఎప్పుడొస్తుందని వేసవి అంతా అడుగుతూనే ఉన్నారు. నేనూ ప్రతిసారీ "వచ్చే వారం" అనే చెప్పాను. రిపేరుకి తీసుకెళ్ళినవాళ్ళు నాకు చెప్పింది అదే. ఈ శనివారం నిజంగానే మెషీన్ ఆన్ చేస్తున్నాను. అయితే మీరు కాయిన్ వేసేముందే ఒక సంగతి తెలియాలి. ఆట మారింది.

దీన్ని ఎప్పుడూ ఆడనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది బ్యాలీ కంపెనీ 1972లో తెచ్చిన పిన్‌బాల్ మెషీన్. పిన్‌బాల్ అంటే వాలుగా ఉన్న బోర్డు మీద బంతి కిందికి జారిపోకుండా ఫ్లిప్పర్లనే రెండు చిన్న రెక్కలతో పైకి కొట్టే ఆట. తయారైంది మన చికాగోలోనే, బెల్మాంట్ అవెన్యూ ఫ్యాక్టరీలో. అప్పటికి చికాగో నగరంలో పిన్‌బాల్ ఆడటం మీద నిషేధం ఉండేది, కాబట్టి ఇక్కడ చేసిన మెషీన్లు ఆడుకోవడానికి వేరే ఊళ్ళకి వెళ్ళేవి. ఆట డిజైన్ టెడ్ జేల్‌ది, బొమ్మలు డేవ్ క్రిస్టెన్సెన్‌వి. లోపల కంప్యూటర్ చిప్పు ఒక్కటి కూడా లేదు. రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), కాయిళ్ళు (తీగ చుట్టలు), మోటార్లు, వాటిని కలిపే వైర్లు, అంతే. మూత ఎత్తి చూపిస్తే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేసి చూస్తారు.

అసలు సరదా అంతా బోర్డు మధ్యలో తిరిగే రబ్బరు పళ్ళెంలో ఉంది. బంతి దాని మీదకి ఎక్కిందంటే ఎటు విసిరికొడుతుందో ఎవరూ చెప్పలేరు. కాస్త అంచున తగిలితే కొద్దిగా వంకర పోతుంది, నడిమికి వెళ్తే తిరిగి తిరిగి ఎటో దూసుకెళ్తుంది. బోర్డు మీద ఓడిన్, వోటాన్ అని పేర్లున్న గుంటల్లో రెండు బంతులు దాచిపెట్టుకుని, మూడో బంతితో వాటిని విడిపిస్తే మూడూ ఒకేసారి మీద పడతాయి. మీరు కష్టపడి దాచిన బంతిని మీ తర్వాత ఆడేవాళ్ళు విడిపించుకుని పాయింట్లు కొట్టేయొచ్చు. అన్నదమ్ముల మధ్య ఎన్ని గొడవలు చూశానో దీని దగ్గర. ఇక ఫ్లిప్పర్లు: సరైన చోట బంతి తగిలితే రెండూ దగ్గరికి జరిగి, మధ్య సందు మూసుకుపోతుంది. ఆ కాసేపు బంతి మధ్యలోంచి జారిపోతుందన్న టెన్షన్ ఉండదు.

ఇప్పుడు జరిగింది చెప్తాను. పళ్ళెం చుట్టూ రంగు పెచ్చులు లేవడం మొదలైంది. అలాగే వదిలేస్తే బొమ్మ మొత్తం ఊడిపోతుంది. అందుకని ఒక రిపేరు షాపుకి ఇచ్చాను. పేరు రాయను. వాళ్ళకి చెప్పింది ఒకటే: లేచిన రంగు అంటుకునేలా పల్చటి క్లియర్ కోట్ (రంగులేని పూత) వేయండి, బొమ్మ జోలికి పోకండి. కాగితం మీద కూడా రాసిచ్చాను. బోర్డు కింద ఉన్న ప్రతి వైరుకీ చీటీ కట్టి, కాయిళ్ళు, లైట్ల సాకెట్లు అన్నీ నేనే విప్పి, బొమ్మ ఉన్న ఉత్త బోర్డు చెక్క ఇచ్చాను. వాళ్ళు చేయాల్సింది పైన పూత ఒక్కటే.

రెండు వారాలన్న పని వేసవి మొత్తం తినేసింది. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే మనిషి మారతాడు. చివరికి వచ్చిన చెక్కని చూస్తే కడుపు మండిపోయింది. పూత మందంగా, అద్దంలా మెరుస్తోంది. పళ్ళెం పక్కన నారింజ రంగు మంటల మీద ఎర్ర రంగు పూసేశారు. క్రిస్టెన్సెన్ గీసిన సన్నటి నల్ల గీతలు రెండు మూడు చోట్ల ఆ రంగు కింద మాయమయ్యాయి. యాభై ఏళ్ళకు పైగా ఎన్ని చేతులు మారినా చెక్కుచెదరకుండా నిలిచిన గీతలవి.

వాళ్ళు అన్నది: "మళ్ళీ పంపండి, పూత గీకేసి ఉచితంగా సరిచేస్తాం." ఈ ఒక్క మాట మీద చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మా ఆవిడ పంపేయమంది. డబ్బుల పరంగా ఆమె చెప్పిందే సబబు. కానీ పూత గీకితే కింద మిగిలిన అసలు రంగు కూడా దాంతోపాటు లేచిపోవచ్చు. ఒక్కసారి పోతే ఆ బొమ్మ మళ్ళీ రాదు. నా మాట ఒకసారి పెడచెవిన పెట్టినవాళ్ళ చేతికి మళ్ళీ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఇవ్వను. మొండితనం అంటే అనండి.

కాబట్టి ఆ చెక్కనే బిగించాను. పూత మందం వల్ల పళ్ళెం అంచు దగ్గర వెంట్రుకవాసి మెట్టు వచ్చింది. మొదటి బంతి అక్కడ చిన్నగా ఎగిరింది. పళ్ళెం మోటారు పట్టీ కింద పల్చటి వాషర్లు ఒక్కొక్కటే వేసుకుంటూ, గోటితో తడిమి చూసుకుంటూ సమానం చేశాను. ఇప్పుడు బంతి చప్పుడు లేకుండా ఎక్కుతుంది. వేగం మాత్రం పెరిగింది. క్యారమ్ బోర్డు మీద పౌడర్ ఎక్కువ చల్లినప్పుడు ఎలా ఉంటుందో అలాగే. వెనక కాళ్ళ బోల్టులు కొంచెం దించి వాలు తగ్గించాను. మరీ తగ్గిస్తే బంతి సోమరిగా తేలుతుంది, ఆ ఆట నాకు నచ్చదు. అందుకే ఒక చోట ఆపేశాను.

ఇక గోడ మీది స్కోరు బోర్డు. పాత పేర్లు చెరిపేద్దామని కొందరు, అలాగే కొనసాగిద్దామని కొందరు అన్నారు. పాత స్కోర్లు పాత చెక్క మీద కొట్టినవి, వాటిని వేగం మారిన బోర్డుతో పోల్చడం న్యాయం కాదు. పాత బోర్డు అక్కడే ఉంటుంది, ఒక్క పేరు కూడా చెరపను. పక్కన కొత్తది ఖాళీగా మొదలవుతుంది.

రేటు పెంచడం లేదు. ఈ ఖర్చు మీ మీద వేయను. వేసవి పాస్ తీసుకుని ఈ మెషీన్ ఆడలేకపోయినవాళ్ళకి నెల పొడిగించాను, కౌంటర్లో అడగక్కర్లేదు. ఆడాక నచ్చలేదంటే మొహమాటపడకుండా చెప్పండి, వాలు ఇంకాస్త సర్దుతాను. రంగు గురించి మాత్రం ఏమీ అనొద్దు, అది నాకు ప్రతి రోజూ కనిపిస్తూనే ఉంది. టోర్నమెంట్ దీపావళి తర్వాతే పెడతాను, ఈలోగా అందరి చేతులూ కొత్త వేగానికి అలవాటు పడాలి.