పిడుదులు గోడ పగుళ్లలోనూ ఉంటాయి

సంపాదకులకు నమస్కారం.

కుక్క ఒంటి మీద పిడుదు కనబడగానే కిరోసిన్ పూసేవారు, గోళ్లతో గిల్లేవారు ఇంకా చాలామందే ఉన్నారు. దయచేసి ఈ రెండూ మానేయండి. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకీ పోతుంది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి, పిడుదు నోటి దగ్గర పట్టుకుని మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. పొట్ట దగ్గర నొక్కితే దాని లోపలి ద్రవం గాయంలోకి దిగుతుంది. తీసినదాన్ని స్పిరిట్‌లో వేయండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, కాలర్ కింద తప్పక వెతకండి.

మందు వాడినా మళ్లీ వస్తున్నాయంటే కారణం ఇల్లే. గోధుమరంగు పిడుదు రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. అందుకే పడక గుడ్డలను వేడినీళ్లలో ఉతకాలి, పగుళ్లు పూడ్చాలి. మెడ మీద వేసే చుక్కల మందును వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే వేయాలి. బొచ్చు మీద పడితే వృథా. కుక్కలకని రాసిన పర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం, ఇంట్లో పిల్లి ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి.

కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, జ్వరం 103 ఫారన్‌హీట్ దాటినా, ముక్కులోంచి రక్తం కారినా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. పిడుదు కాటుతో సోకే ఎర్లికియా అనే జబ్బు అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. నాలుగో రోజుకే కుక్క హుషారవుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. జ్వరం తిరగబెట్టేది అందుకే.

ఇట్లు,
ఒక పాఠకురాలు