ఆవిరి పట్టమన్నారు సరే, ఎలా పట్టాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో సైనస్‌కు, ముక్కు దిబ్బడకు ఇంటి చిట్కాలంటూ పదో పన్నెండో వరసగా వేశారు. ఆవిరి పట్టండి, పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్చండి, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి, తేనె తాగండి, ఒక్కోదానికి ఒక్కో లైను. వాటిలో కొన్ని నిజంగా పనిచేసేవే, మా ఇంట్లో రోజూ చేసుకునేవే, అందుకే ఈ ఉత్తరం. ఏం చేయాలో చెప్పి, ఎలా చేయాలో, ఎక్కడ ఆపేయాలో చెప్పకపోతే ఆ ఒక్క లైను వల్ల ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లను కూకటివేళ్లతో పెకిలించేసింది. ఆ తర్వాత త్వరగా ఎదుగుతాయని, పశువులు ముట్టవని ఏడాకుల పాల మొక్కల్ని రోడ్ల వెంట విరివిగా నాటారు. ఇప్పుడవి డాబాల ఎత్తు దాటాయి. దసరా వెళ్లి కార్తీకం వచ్చేసరికి గుత్తులు గుత్తులుగా పూస్తాయి, పొద్దుగూకేసరికి ఆ వాసన వీధంతా కమ్ముకుంటుంది. కొందరికి అది సువాసనే. మా అమ్మాయికి మాత్రం ఆ నెలన్నర నరకం. పన్నెండేళ్ల పిల్ల, పొద్దున్నే లేచి మంచం మీదే వరసగా పదిహేను ఇరవై తుమ్ములు తుమ్ముతుంది, కళ్లు దురద, అంగిలి దురద, ముక్కు నుంచి నీళ్లలాగా ధార. అరచేత్తో ముక్కును కిందనుంచి పైకి రుద్ది రుద్ది ముక్కు దూలం మీద అడ్డంగా సన్నటి గీత పడిపోయింది. ఆ గీత ఏమిటో నాకు అర్థం కాలేదు, ఏ దెబ్బో తగిలిందనుకున్నాను. డాక్టరుగారు చూడగానే చెప్పారు, అలర్జీ ఉన్న పిల్లలకు ముక్కు రుద్దుకుని రుద్దుకుని ఇలా గీత పడుతుందమ్మా అని. అప్పటిదాకా రెండేళ్లపాటు దాన్ని జలుబే అనుకుని మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేశాను. జలుబైతే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, ఒళ్లు నొప్పులో కాస్త జ్వరమో ఉంటాయి. అలర్జీకి జ్వరం ఉండదు, దురద ఉంటుంది, ఏటా అదే నెలలో వస్తుంది. ఈ తేడా మీ చిట్కాల పైన రెండు వాక్యాలు రాసి ఉంటే ఎంతమంది తల్లులకు ఉపయోగపడేదో.

ముందుగా ఉప్పునీళ్ల సంగతి, ఎందుకంటే మీరు రాసిన వాటన్నిటిలో నాకు నమ్మకం కుదిరింది దీని మీదే. యోగాలో జలనేతి అంటారు, ఈఎన్‌టీ డాక్టర్లు కూడా చేయమంటున్నారు. ముక్కులో అంటుకున్న పుప్పొడినీ దుమ్మునూ చిక్కబడ్డ చీమిడినీ నీళ్లతో కడిగేయడమే, ఇందులో మాయ ఏమీ లేదు. మీరేమో "గోరువెచ్చని ఉప్పునీటితో కడగాలి" అని వదిలేశారు. ఏ నీళ్లు? కుళాయి నీళ్లు పనికిరావు సార్. అమెరికాలోని లూసియానాలో 2011లో ఇద్దరు కుళాయి నీళ్లతో ఇలా ముక్కు కడుక్కుని, ఆ నీళ్లలోని అమీబా మెదడుకు పాకి చనిపోయారు. కేరళలో ఈమధ్య మెదడు తినే అమీబా కేసులని మీ పేపర్లోనే చదివాం కదా, ఆ జాతిదే. ఆ నీళ్లు తాగితే దానివల్ల ఏమీ కాదు, ముక్కు లోపలికి పోతేనే ప్రమాదం. అందుకని నీళ్లను తెర్లేదాకా కాచి, ఆ తర్వాత కూడా ఒకటి రెండు నిమిషాలు మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చాలి. ఫిల్టరు నీళ్లే కదా, బబుల్ క్యాన్ నీళ్లే కదా అని కాచకుండా వాడకూడదు.

పావు లీటరు నీళ్లకు అర టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు, అయోడిన్ కలపనిది, చిటికెడు వంటసోడా. మా ఇంట్లో స్టీలు చెంబు మీద గీత గీసి పెట్టుకున్నాం, ఆ గీతదాకా నీళ్లు, ఈ చెంచాతో ఇంత ఉప్పు అని లెక్క. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా మంట పుడుతుంది, ఒకసారి మంట పుట్టిందంటే పిల్లలు జన్మలో మళ్లీ ఒప్పుకోరు. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కురంధ్రంలో మెల్లిగా పోస్తే కింది రంధ్రం నుంచి వచ్చేస్తుంది. గొంతులోకి పోతే ఉమ్మేయడమే, మింగక్కర్లేదు. అయ్యాక ముందుకు వంగి మిగిలిన నీళ్లు కారనివ్వాలి, గట్టిగా చీదకూడదు, చీదితే ఆ నీళ్లు చెవిలోకి తన్నుతాయి. ముక్కు పూర్తిగా బిగుసుకుపోయి గాలే ఆడనప్పుడు, చెవిపోటు ఉన్నప్పుడు, ముక్కు ఆపరేషన్ అయిన కొత్తలో డాక్టరును అడక్కుండా చేయకూడదు. ముక్కు కడుక్కునే పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టుకోవాలి, ఒకరిది ఒకరు వాడకూడదు. మా పాప మొదటి రోజు ఏడ్చింది. మూడో రోజు తనే వచ్చి "అమ్మా, నీళ్లు కాచావా" అని అడిగింది.

ఇక ఆవిరి. దీని గురించే నా బాధంతా. మా కింది ఫ్లాటులో ఎనిమిదేళ్ల బాబుకు జలుబు చేస్తే, సలసల మరిగే నీళ్ల గిన్నెను ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, బాబును నేల మీద కూర్చోబెట్టి, తల మీద దుప్పటి కప్పారు. వాడికి తుమ్ము వచ్చింది, మోకాలు స్టూలుకు తగిలింది. ఆ కేక నాకింకా చెవుల్లో ఉంది. రెండు తొడలూ బొబ్బలెక్కి ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. వాళ్ల అమ్మ ఇప్పటికీ ఆ గిన్నె వాడదు. ఆవిరి వల్ల కాసేపు హాయిగా ఉండే మాట నిజమే, చీమిడి కాస్త పలచబడినట్టు ఉంటుంది, కానీ అలర్జీ దానివల్ల పోదు, సైనస్ నయం కాదు. ఆ పదినిమిషాల హాయి కోసం పిల్లల ముందు మరిగే నీళ్లు పెట్టడం ఎందుకండీ? వేడినీళ్ల స్నానం చేయించి, బాత్రూం తలుపు వేసి ఆ వెచ్చదనంలో ఐదు నిమిషాలు ఉంచితే చాలు. పెద్దవాళ్లు పట్టుకోవాలనుకుంటే గిన్నెను బల్ల మీద గోడవారగా కదలకుండా పెట్టుకుని, నీళ్లు పొయ్యి మీంచి దించాక కొంచెం ఆగి పట్టుకోవాలి. వావిలాకు వేసుకుంటారా, తులసి వేసుకుంటారా, మీ ఇష్టం.

ఆ నీళ్లలో జండూబామో విక్సో వేయడం మన ఇళ్లలో మామూలే. అమెరికాలో అమ్మే విక్స్ డబ్బా మీదైతే వేడినీళ్లలో వేయొద్దని రాసి ఉంటుంది, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు రాయకూడదు. బామ్ రాస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది మెంథాల్ చల్లదనం వల్ల, లోపలి వాపు అలాగే ఉంటుంది. పెద్దవాళ్లకు నుదుటి మీద రాసుకుంటే హాయిగానే ఉంటుంది, కాదనను. మన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ సంపాదనతోనే ఆంధ్రపత్రికను నడిపారు, అంటే మన పత్రికల చరిత్రలోనే బామ్ వాసన ఉంది, దాని మీద నాకెంత ప్రేమో చెప్పక్కర్లేదు. కానీ ముద్దకర్పూరం మాత్రం చంటిపిల్లలకు దూరంగా ఉంచండి. మూటకట్టి మెడలో వేయడం, ముక్కు దగ్గర పెట్టడం ఇంకా చూస్తున్నాను. అది నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి.

పసుపు కొమ్ము పొగ గురించి మా అత్తయ్యగారితో నాకు పెద్ద చర్చే అయింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్లింట్లో అదే మందు. నేను గౌరవంగానే చెప్పాను, అత్తయ్యా, పసుపు పాలు ఇవ్వండి, మిరియాల చారు పెట్టండి, అల్లం కషాయం ఇవ్వండి, వేడివేడిగా గొంతులో దిగితే దానికి ఊరటగా ఉంటుంది, పొగ మాత్రం వద్దు అని. పొగ ఏదైనా పొగే. ముక్కు లోపలి పొర అప్పటికే వాచి ఉంటుంది, దాని మీద మళ్లీ పొగ పెడితే ఇంకా వాస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకైతే పిల్లికూతలు మొదలవుతాయి. సాంబ్రాణి, అగరొత్తులు, దోమలబత్తి అన్నీ అంతే. మా ఇంట్లో ఇప్పుడు కార్తీక దీపం బాల్కనీలో తులసికోట దగ్గరే, లోపల ధూపం వేయడం లేదు. అత్తయ్యగారే ఆపేశారు, మనవరాలి దగ్గు విని.

ముక్కులో వేసే చుక్కల గురించి మీ చిట్కాల్లో లేదు, అది ఇంటి వైద్యం కాదు కాబట్టి వదిలేసి ఉంటారు. కానీ చిట్కాలు పనిచేయనప్పుడు జనం పరిగెత్తేది వాటి దగ్గరికే. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు వేసిన ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే, చుక్కల ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. నేను నాలుగు నెలలు వాడాను. రాత్రి దిండు పక్కన ఆ సీసా లేకపోతే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. మానడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ కూర్చునే నిద్రపోయాను. డాక్టర్లు అలర్జీకి రాసే స్టెరాయిడ్ స్ప్రేలు వేరు. అవి వేసిన వెంటనే కాదు, రోజూ వాడితే కొన్ని రోజులకు పూర్తిగా పనిచేస్తాయి. స్టెరాయిడ్ అనే మాటకు భయపడి నేను మొదట్లో పాపకు వేయలేదు, అది నా తప్పే. స్ప్రే కొట్టేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు తిప్పి కొట్టాలని కూడా ఎవరూ చెప్పరు, మధ్యకు కొడితే రక్తం వస్తుంది.

చెట్లు పూసే నెలల్లో మేం చేసే పనులు చిన్నవే. చీకటి పడక ముందే కిటికీలు మూసేస్తాం. దిండు గలేబులు, దుప్పట్లు డాబా మీద ఆరేయం, పుప్పొడి వాటికి పట్టుకుని రాత్రంతా ముక్కు కిందే ఉంటుంది. బయట నుంచి రాగానే ముఖం, వీలైతే తల కడిగి బట్టలు మార్చాలి. ఇల్లు చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెడతాం. ఏడాది పొడుగునా తుమ్మేవాళ్లకు మాత్రం చెట్లకంటే పరుపులే శత్రువులు కావచ్చు, మన సముద్రతీరం ఉక్కకు పరుపుల్లో డస్ట్ మైట్స్ అనే కంటికి కనిపించని పురుగులు తెగ పెరుగుతాయి, వారానికోసారి గలేబులు బాగా వేడి నీళ్లలో ఉతకాలి. సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు అలర్జీ ఉన్న మనిషిని ఇంట్లోంచి పంపేయండి, ఆడపిల్ల కదా పని నేర్చుకోవాలని చీపురు చేతికివ్వకండి. ఊరి శివారు ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ ఉంటే పూత రాకముందే, తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పీకించాలి. దాని పుప్పొడితో తుమ్ములే కాదు, తాకితే చర్మం మీద దద్దుర్లూ వస్తాయి.

ఏడాకుల పాల చెట్లన్నీ నరికేయమని నేను అనడం లేదు. శాంతినికేతన్‌లో పట్టభద్రులకు ఆ ఆకులే చేతికిచ్చేవారు, ఆయుర్వేదంలో దాని బెరడు మందు. ఇళ్ల కిటికీలకు ఆనుకుని, బడుల గోడల పక్కన వరసగా అదొక్కటే నాటడమే తప్పు. పూత వేళకు ముందే కొమ్మలు కత్తిరించి, కొత్తగా నాటేచోట వేప, కానుగ, పొగడ కలిపి నాటితే సరిపోతుంది.

మీ పేజీలో తప్పనిసరిగా ఉండాల్సింది ఇంకొకటి. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా, కంటి చుట్టూ వాచినా, చూపు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా ఇక చిట్కాలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చిన్నపిల్లలకు ఒక్క ముక్కు నుంచే దుర్వాసనతో కారుతుంటే లోపల ఏ బఠాణీయో పూసో ఇరుక్కుని ఉండొచ్చు. షుగరు ఉన్నవాళ్లకు చెంప మొద్దుబారడం, ముక్కులో నల్లటి పక్కు కట్టడం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి, 2021లో బ్లాక్ ఫంగస్ ఎన్ని ఇళ్లు ముంచిందో మనం చూశాం.

వచ్చే ఏడు దసరాకు వారం ముందు, పూత మొదలవకముందే, ఒక ఈఎన్‌టీ డాక్టరుగారితో అరపేజీ రాయించండి. పన్నెండు చిట్కాలు వద్దు, ఉప్పునీళ్లు ఒక్కటి చాలు, నీళ్లు కాచడం దగ్గర్నుంచి పాత్ర ఆరబెట్టడం దాకా బొమ్మలతో వేయండి. మేం కత్తిరించి వంటింట్లో అతికించుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశాఖపట్నం