దూకింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో 26 ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. మొన్న మీ సినిమా పేజీలో ఒక కొత్త సినిమా ఫైట్ గురించి అర పేజీ వేశారు. హీరో ఎన్ని కేజీలు తగ్గాడో, పొద్దున్నే ఏం తిన్నాడో అన్నీ ఉన్నాయి. ఫైట్ మాస్టర్ పేరు మాత్రం లేదు.

రీళ్ల రోజుల్లో ఫిల్మ్ తెగితే అతికించేవాళ్లం. ఒకసారి అలా తెగిన ముక్కను బల్బు వెలుతురుకు పెట్టి చూశాను. మేడ మీంచి దూకే షాట్. చొక్కా హీరోది, మొహం ఇంకెవరిదో. విగ్గు పక్కకు జరిగి, పళ్లు బిగబట్టుకుని ఉన్నాడు పాపం. ఆ రాత్రి ఫస్ట్ షోలో అదే షాట్‌కు హాలంతా కాగితాలు ఎగిరాయి, హీరో పేరుతో ఒకటే అరుపులు. తెర ముందు పడ్డ చిల్లర మా స్వీపర్ ఏరుకుంది. దూకినవాడికి ఏం దక్కిందో మరి.

అభిమానుల్ని తప్పుపట్టను. కటౌట్‌కు దండలు మోసినవాణ్ణే నేనూ. కానీ జాతీయ అవార్డుల్లో యాక్షన్ డైరెక్షన్‌కు ఇస్తున్నారు. ఆస్కార్ వాళ్లు కూడా 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్స్‌కు అవార్డు ఇస్తామని 2025లో ప్రకటించారు. మీరు రివ్యూలో సంగీతం, కెమెరా, ఎడిటింగ్ అని వేసేచోట ఫైట్స్ అని ఇంకో లైను వేయండి. డూపు పేరు తెలిస్తే అదీ వేయండి. జాగా చాలకపోతే హీరోగారి డైట్ తీసేయండి.

— ఒక మాజీ ప్రొజెక్టర్ ఆపరేటర్, తెనాలి