కవలల టీకా: రెండో మోతాదు గురించి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ వ్యవసాయ పేజీలో, గొర్రెలు ఈతకు ఒకటికి మించి పిల్లల్ని ఈనేలా వేసే ‘కవలల టీకా’ మీద వచ్చిన వ్యాసం చదివాను. నేను విశ్రాంత పశువైద్యుణ్ని. సర్వీసులో చాలా కాలం గొర్రెల చూలు సమస్యలతోనే గడిచింది. టీకా పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే రెండో మోతాదును పొట్టేళ్లను మందలోకి వదిలే రోజునే వేసుకోవచ్చని రాశారు. ఆ మాట నమ్మి వేయిస్తే ఆ ఏడు ఈతలు దెబ్బతినవచ్చు.

ఇది రోగానికి వేసే టీకా కాదు, గొర్రె సొంత హార్మోను మీద వేసేది. ఆండ్రోస్టీన్‌డయోన్ అనే ఆ హార్మోను చాలా చిన్న అణువు కనుక విడిగా ఎక్కిస్తే ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టవు. అందుకే అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీనుకు తగిలించి ఇస్తారు. పుట్టిన ప్రతిరక్షకాలు ఆ హార్మోనును పట్టి ఉంచుతాయి. దాంతో, అండాల విడుదలను నడిపే పిట్యూటరీ గ్రంథి మీద పగ్గం కాస్త సడలి, ఒక అండం రావలసిన చోట రెండు, ఒక్కోసారి మూడు విడుదలవుతాయి. ఆస్ట్రేలియాలో 1983లోనే ఫెకండిన్ పేరుతో ఇది అమ్మకానికి వచ్చింది. ఇంతవరకు మీ వ్యాసంలో తప్పేమీ లేదు.

చిక్కంతా ఆ తర్వాతే. రెండో మోతాదు పడ్డాక ప్రతిరక్షకాలు ఒక్కసారిగా పైకెగస్తాయి. ఆ ఉద్ధృతిలో కొన్ని గొర్రెలు ఎదకే రావు. వచ్చినవాటిలోనూ కొన్ని అండాలు ఫలదీకరణ చెందవు, చెందినా పిండాలు తొలి రోజుల్లోనే పోతాయి. అది తగ్గడానికి వ్యవధి ఇవ్వాలనే, రెండో మోతాదును పొట్టేళ్లను వదలడానికి మూడు నాలుగు వారాల ముందే వేయమంటారు.

పొట్టలోకి సన్నని గొట్టం పంపి చూసే లాపరోస్కోపుతో గొర్రె అండాశయాన్ని చూస్తే ఈ లెక్క కంటికే కనిపిస్తుంది. అండం విడుదలైన ప్రతిచోటా ఎర్రటి చిన్న బొడిపె లేస్తుంది, అదే కార్పస్ లూటియం. మూడు బొడిపెలున్న గొర్రె తర్వాత స్కానింగులో ఒక్క పిండాన్నే చూపడం, రెండున్నది పదిహేడో రోజుకు మళ్లీ పొట్టేలు వెంట పడడం నేను చూసినవే. మామూలు మందల్లోనే 20 నుంచి 30 శాతం పిండాలు నిలవవు. అండాల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో పిండం బతికే అవకాశం ఇంకా తగ్గుతుంది. పన్నెండు, పదమూడు రోజులకల్లా పిండం ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీనును విడుదల చేసి తన ఉనికిని తల్లి ఒంటికి తెలపాలి. తెలపలేకపోతే కార్పస్ లూటియం కరిగిపోతుంది, చూలును నిలిపే హార్మోను ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, గొర్రె మళ్లీ ఎదకు వస్తుంది. బయటికి రక్తం కనబడదు, నొప్పులుండవు. కాపరి మాత్రం పొట్టేలునే తిట్టుకుంటాడు!

టీకాకు డబ్బు పెట్టాం కదా అని, పొట్టేలు దాటిన వెంటనే మేత విపరీతంగా పెంచేవాళ్లూ ఉన్నారు. అతిగా మేపితే కాలేయం ప్రొజెస్టిరాన్‌ను వేగంగా ఖర్చు చేసేస్తుంది, నిలవాల్సిన పిండమూ నిలవదు. మంచి మేత పొట్టేలును కలపక ముందు కావాలి, మళ్లీ చివరి ఆరు వారాల్లో కావాలి. పిండం బరువులో అత్యధిక భాగం పెరిగేది ఆ ఆరు వారాల్లోనే. కవల చూలు గొర్రె అప్పుడు సరైన మేత లేక, ఒంటి కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే కీటోసిస్ జబ్బుతో పడిపోతే తల్లీ పిల్లలూ పోతారు. ముగ్గురు పుడితే తల్లికి ఉన్నవి రెండే చన్నులు. మూడో పిల్లకు ముర్రుపాలు పట్టే మనిషి ఉండాలి.

మీ వ్యాసంలో అండాల పెరుగుదల శాతం ఇచ్చారు. గొర్రెలు పెంచేవాళ్లకు ఆ అంకె ఏం పనికొస్తుంది? పొట్టేలుతో కలిపిన వంద గొర్రెల్లో ఎన్ని కట్టాయి, ఎన్ని పిల్లలు పాలు మానేదాకా బతికాయి, టీకా వేయని వందలో అదే లెక్క ఎంత అన్నవి వేయండి. ఇక రెండో మోతాదు గడువు సవరణను లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో కాకుండా, వ్యాసం వచ్చిన చోటే, ఈ ఏడు పొట్టేళ్లను వదలక ముందే అచ్చువేయగలరని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు